వద్దన్నవన్నీ మానేసిన గర్భిణి: ఒక కేసు పూర్తి వివరం

ఈ కేసులో అరుదైన జబ్బేదీ లేదు. ప్రసూతి క్లినిక్‌లో పోషకాహార సలహాలు ఇచ్చేవారికి ఇలాంటి గర్భిణులు తరచూ ఎదురవుతూనే ఉంటారు. అయినా దీన్ని మొదటి నుంచి చివరి వరకు రాయాలనిపించింది. గర్భిణికి 'ఇది మానెయ్యి' అని చెప్పడం మందు రాసివ్వడమంత బాధ్యత గల పని. మందుకు ఉన్నట్టే దానికీ ఒక కారణం, మోతాదు, గడువు, దుష్ప్రభావం ఉంటాయి. మందు విషయంలో వాటిని చెప్పకపోతే ఎవరూ ఒప్పుకోరు. నిషేధం విషయంలో మాత్రం ఎవరూ అడగరు. అడగకపోతే ఏం జరుగుతుందో ఈ కేసు చూపిస్తుంది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

ఆమెకు 31 ఏళ్లు. ఇది రెండో గర్భం. మొదటిది తొమ్మిదో వారంలో పోయింది. ఇప్పుడు 21వ వారం నడుస్తుండగా ప్రసూతి వైద్యురాలు నా దగ్గరికి పంపారు. ఎత్తు 160 సెంటీమీటర్లు. గర్భానికి ముందు బరువు 53 కిలోలు, నా దగ్గరికి వచ్చిన రోజు 51.5. గర్భానికి ముందు ఆమె బీఎంఐ 20.7. అంటే బరువు సరిగ్గానే ఉన్న మనిషి. అలాంటి స్త్రీ గర్భం పొడవునా 11.5 నుంచి 16 కిలోల వరకు పెరగాలని 2009 నుంచి వాడుకలో ఉన్న అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. ఆ లెక్కన ఈ సమయానికి నాలుగైదు కిలోలు పెరిగి ఉండాలి. ఆమె కిలోన్నర తగ్గింది.

హిమోగ్లోబిన్ 9.6, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ 9. విటమిన్ బి12 కూడా తక్కువే. థైరాయిడ్, రక్తంలో చక్కెర మామూలుగా ఉన్నాయి. స్కానింగ్‌లో బిడ్డ ఎదుగుదల వారాలకు తగ్గట్టే ఉంది. వేవిళ్లు 15వ వారానికే తగ్గిపోయాయి, ఆకలీ బాగానే ఉందన్నారు. ఆ మాట దగ్గరే నేను ఆగాను. ఆకలి ఉండి, ఇంట్లో తిండికి లోటు లేకుండా బరువు తగ్గుతోందంటే తినకుండా ఏదో ఆపుతోంది.

ముందు రోజు తిన్నదంతా చెప్పమన్నాను. కొద్దిగా గంజి, మధ్యాహ్నం అన్నంలోకి రెండు రకాల కూరగాయలు, సాయంత్రం ఒక పండు, రాత్రి మళ్లీ అదే కూర. లెక్క కడితే 1,200 కేలరీలు దాటలేదు, ప్రోటీన్ 35 గ్రాములకు మించలేదు. ఆ దశలో ఆమెకు కావలసిన ప్రోటీన్ అంతకు ఒకటిన్నర రెట్లకు పైనే. ఇనుము మాత్రలు తెచ్చుకున్నారు కానీ సరిగా వేసుకోవడం లేదు.

ఫోనులోని పట్టిక

కారణం ఆమే చూపించారు. నెల తప్పినప్పటి నుంచి మానేయాల్సినవన్నీ ఫోనులో రాసుకున్నారు. మొత్తం 37 ఉన్నాయి. ఒక్కటీ చెరపకుండా, కొత్తది విన్నప్పుడల్లా కింద చేర్చుతూ వచ్చారు. వాటిని గట్టిగా చదవమని, ఒక్కోదానికి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పమని అడిగాను: ఎవరు చెప్పారు, ఎందుకని చెప్పారు, దాని బదులు మీరు ఏం తింటున్నారు?

మొదటి ప్రశ్నకు ఆమెకు జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంది. రెండో ప్రశ్నకు సగం చోట్ల 'బిడ్డకు మంచిది కాదట' అన్నారు. మూడో ప్రశ్నకు దాదాపు ఎక్కడా జవాబు లేదు. నా దృష్టిలో ఈ కేసు నిర్ధారణ జరిగింది అక్కడే. రక్తపరీక్ష దాన్ని అంకెల్లో చూపించిందంతే.

పట్టికలోని ప్రతి మాటా వట్టిది కాదు. చాలావాటి మొదట్లో ఒక నిజం ఉంది. పచ్చి పాలలో లిస్టీరియా అనే బాక్టీరియా ఉండవచ్చన్నది నిజం. ఆమె పాశ్చరైజ్ చేసిన పాలు, పెరుగు, జున్ను అన్నీ మానేశారు. సరిగా ఉడకని గుడ్డు వల్ల సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకవచ్చన్నది నిజం. ఆమె గట్టిగా ఉడికించిన గుడ్డు కూడా మానేశారు. సరిగా ఉడకని మాంసంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చన్నది నిజం. మాంసమే వంటింట్లోకి రావడం మానేసింది. కొన్ని చేపల్లో పాదరసం ఎక్కువన్నది నిజం. చేపలన్నీ పోయాయి. ఒక పద్ధతిలో తినొద్దన్న మాట ఒక మనిషి నుంచి మరో మనిషికి చేరేసరికి అసలు తినొద్దన్న మాటగా మారింది. ఉడికించడం, మరిగించడం, ఎంచుకోవడం అనే మధ్య మెట్లన్నీ దారిలో రాలిపోయాయి.

ఇంకొన్నింటికి ఆ మొదటి నిజం కూడా లేదు. చేతులు తలపైకి ఎత్తితే బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుంటుందని ఎవరో చెప్పారు. నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో బొడ్డుతాడు మెడ చుట్టూ కనిపిస్తుంది. అది లోపల బిడ్డ తిరగడం వల్ల జరిగేదే తప్ప తల్లి చేతులతో దానికి సంబంధం లేదు. కంప్యూటర్ ముందు కూర్చోవద్దు, మైక్రోవేవ్ దగ్గరికి వెళ్లొద్దు, మెట్లు ఎక్కొద్దు, బస్సు ఎక్కొద్దు అన్నవి కూడా పట్టికలో ఉన్నాయి. వెల్లకిలా పడుకోకూడదన్న భయంతో రాత్రంతా మెలకువగా ఉంటున్నారు. 28 వారాలు దాటాక పక్కకు తిరిగి నిద్రకు ఉపక్రమించమని మేం చెబుతాం. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నట్టు గమనిస్తే మళ్లీ పక్కకు తిరిగితే చాలు. ఆమెకు ఇంకా 21 వారాలే. ఈ ఒక్క విషయం విడమరచి చెప్పిన వారం నుంచే నిద్ర మెరుగుపడింది.

చెప్పినవాళ్లు ఎవరు

నలుగురు. భర్త ఫోనులో చదివి చెప్పేవారు. అక్క తన గర్భం నాటి సలహాలు చెప్పేది. అత్తగారు తన అనుభవం చెప్పేవారు. నాలుగోది ఒక క్లినిక్ ఇచ్చిన కరపత్రం. అందులో 'తినకూడనివి' అన్న శీర్షిక కింద పేర్లు మాత్రమే ఉన్నాయి, ఒక్కదానికీ కారణం రాయలేదు. వీళ్లు కాక పనిచేసే చోట ఆమె చేతిలో కప్పు చూసి 'అందులో ఏముంది?' అని అడిగేవాళ్లు. గర్భిణి ఒళ్లు అందరి తనిఖీకి తెరిచిపెట్టినది అన్నట్టు ప్రవర్తించడం చాలామందికి తప్పుగా తోచదు. వాళ్లది ప్రేమే కావచ్చు. ఆ ప్రేమ భారాన్ని రోజుకు మూడు పూటలా మోసేది మాత్రం ఆమె.

అక్క చెప్పిన సలహా గురించి కొంచెం ఆగి చెప్పాలి. బిడ్డకు ఎలర్జీ వస్తుందని వేరుశనగలు, గింజలు మానేయమంది. అది ఆమె సొంతంగా కల్పించింది కాదు, ఒకప్పుడు డాక్టర్లు చెప్పిందే. ఎలర్జీలున్న కుటుంబాల్లో గర్భిణులు వేరుశనగలకు దూరంగా ఉండవచ్చని బ్రిటన్‌లో 1998లో అధికారికంగా సలహా ఇచ్చారు, 2009లో వెనక్కి తీసుకున్నారు. అమెరికా శిశువైద్యుల సంఘం 2000లో అలాంటి సలహానే ఇచ్చి 2008లో మార్చుకుంది. ఆపైన 2015లో వెలువడిన పరిశోధన, ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకు వేరుశనగను ముందుగానే అలవాటు చేస్తే ఎలర్జీ బాగా తగ్గుతుందని చూపింది. సలహాను వెనక్కి తీసుకున్న సంగతి మాత్రం సలహా వెళ్లిన ఇళ్లన్నింటికీ వెళ్లలేదు. 'పెద్దవాళ్ల మూఢనమ్మకాలు' అని మేం తేలిగ్గా కొట్టిపారేసే వాటిలో కొన్ని మా వృత్తి నుంచే బయటికి వెళ్లినవి. వాపు వస్తుందని ఉప్పు మానేయడం అలాంటిదే. గుర్రపువాతాన్ని (గర్భిణికి రక్తపోటు పెరిగి మూర్ఛల దాకా వెళ్లే జబ్బును) ఆపడానికి ఉప్పు తగ్గించడం, బరువు పెరగనివ్వకపోవడం ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వైద్యులు గట్టిగా నమ్మిన పద్ధతులు. ఉప్పు తగ్గిస్తే ఆ జబ్బు ఆగుతుందని తర్వాతి పరీక్షల్లో తేలలేదు. రోజుల తరబడి మంచం దిగకుండా విశ్రాంతి తీసుకోమనడం కూడా ఇప్పుడు మామూలుగా చెప్పడం లేదు, దానివల్ల కండలు, ఎముకలు బలహీనపడతాయి, రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

రెండో సమావేశం

మొదటిసారి నేను పట్టికలో ఒక్కటీ కొట్టివేయలేదు. ఆమె అంత శ్రమపడి కాపాడుకుంటున్నదాన్ని తీసిపారేస్తే ఆమె నన్నే తీసిపారేస్తారని తెలుసు. మద్యం, పొగ, పచ్చి పాలు, సరిగా ఉడకని మాంసం, పాదరసం ఎక్కువుండే పెద్ద చేపలు, పిల్లి మలం శుభ్రం చేయడం, కాలేయం లాంటి విటమిన్ ఎ అతిగా ఉండే పదార్థాలు — ఇవన్నీ మానేసి మంచి పని చేశారని చెప్పి పంపాను. అది పొగడ్త కోసం అన్నది కాదు. ఆ నిషేధాలు నిజంగా ప్రాణాలు కాపాడతాయి.

రెండోసారి వచ్చినప్పుడు ఆమే అసలు మాట చెప్పారు. మొదటి గర్భం పోవడానికి రెండు రోజుల ముందు బస్సులో దూరప్రయాణం చేశారట, ఆ ఉదయం కాఫీ తాగారట. 'అప్పుడు నేను ఏదీ మానలేదండీ. అందుకే ఈసారి అన్నీ మానేశాను' అన్నారు. పట్టికలోని 37 వరసలకూ మూలం అదే. ఒక బిడ్డ పోయాక తనపై తానే వేసుకున్న శిక్ష అది.

తల్లుల మానసిక స్థితిని అంచనా వేసే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఆమెకు 30కి 14 వచ్చాయి. 13 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే నిపుణులకు చూపించాలి. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనలు లేవు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపాం. అదే వారం ప్రసూతి వైద్యురాలు ఆమెను కూర్చోబెట్టుకుని వివరించారు: తొలి నెలల్లో జరిగే గర్భస్రావాల్లో దాదాపు సగానికి పిండం క్రోమోజోముల్లోని లోపమే కారణం. బస్సు ప్రయాణం అందుకు కారణం కాదు. ఒక కప్పు కాఫీ కూడా కాదు. ఈ మాట మొదటిసారి గర్భం పోయినప్పుడే ఎవరైనా ఆమెతో నిదానంగా చెప్పి ఉంటే ఈ కేసు నా దాకా వచ్చేది కాదని నా నమ్మకం.

తిండి తిరిగి చేర్చిన తీరు

ఏది ముందు చేర్చాలో ఎంచుకునే పని ఆమెకే వదిలాను. భయం తక్కువగా, పోషణ ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోమన్నాను. పాశ్చరైజ్ చేసిన పాలను మరిగించి తాగడంతో మొదలుపెట్టారు. తర్వాత పెరుగు, గట్టిగా ఉడికిన గుడ్డు, వేరుశనగలు, పప్పులు ఎక్కువ మోతాదులో. ఇనుము మాత్రతో పాటు పుల్లటి పండు తినమని, టీ కాఫీలకూ కాల్షియం మాత్రకూ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచమని చెప్పాను. మాత్ర వల్ల మలబద్ధకం వస్తోందని మానేశారని తెలిశాక వైద్యురాలు వేరే రకం ఇచ్చి, పీచు, నీళ్లు పెంచమన్నారు.

చేపల దగ్గర ఎక్కువ సమయం పట్టింది. ఆమె భర్త చదివింది అబద్ధం కాదు. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వ్యర్థాల నుంచి చేపల్లోకి చేరిన మిథైల్ మెర్క్యురీ అనే పాదరస సమ్మేళనం వల్ల వచ్చిన వ్యాధిని 1956లో గుర్తించారు. తమకు లక్షణాలు పెద్దగా లేని తల్లులకు కూడా మెదడు తీవ్రంగా దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. అందుకే సొరచేప, కత్తిచేప లాంటి, ఇతర చేపలను వేటాడి ఎక్కువ కాలం బతికే పెద్ద చేపలు గర్భిణి తినకూడదు. అయితే 2001లో అమెరికాలో ఈ హెచ్చరిక వెలువడ్డాక గర్భిణులు ఏ చేపలు మంచివో చూడకుండా మొత్తం చేపలే తగ్గించేశారని ఒక అధ్యయనం నమోదు చేసింది. 2007లో బ్రిటన్ నుంచి వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో, వారానికి 340 గ్రాముల కన్నా తక్కువ చేపలు తిన్న తల్లుల పిల్లల్లో మాటల మీద ఆధారపడే తెలివితేటల పరీక్షల్లో వెనకబడినవారు ఎక్కువగా కనిపించారు. అది కారణాన్ని రుజువు చేసే రకం అధ్యయనం కాదు, కానీ నిర్లక్ష్యం చేయదగ్గదీ కాదు. పాదరసం తక్కువున్న చేపలు వారానికి 225 నుంచి 340 గ్రాముల వరకు తినమని ఇప్పుడు అమెరికా సంస్థలు సలహా ఇస్తున్నాయి. భర్తకు ఈ రెండు వైపులా వివరించాను. ఆయన అంకెలు నమ్మే మనిషి. ఇకపై ఏ హెచ్చరిక చదివినా అందులో 'ఎంత మోతాదులో?' అన్న జవాబు వెతికి, అది దొరికితేనే ఇంట్లో చెప్పమని అడిగాను. ఆయన దాన్ని మనసుపెట్టి చేశారు. కాఫీ మీద మొదట ఆయనే సందేహం తీర్చారు: రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ లోపు ఫరవాలేదని, ఇన్‌స్టంట్ కాఫీ అయితే అది సుమారు రెండు కప్పులని ఆయనే ఆమెకు చెప్పారు. ఆమె ఒక కప్పుతో ఆగారు. చాలు.

మద్యం విషయంలో మాత్రం ఎవరు అడిగినా మోతాదు చెప్పను. సురక్షితమని తేలిన మోతాదు అంటూ ఏదీ లేదు. నిషేధాలన్నీ అతిశయోక్తులేనని, ఏదైనా కొంచెం ఫరవాలేదని వాదించేవాళ్లు కూడా ఈ మధ్య కనిపిస్తున్నారు. వాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు: దక్షిణాఫ్రికాలో 2017–18లో ప్రాసెస్ చేసి అమ్మే మాంసం ద్వారా లిస్టీరియా వ్యాపించి వెయ్యి మందికి పైగా సోకింది, 200 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది నెల కూడా నిండని పసికందులు. ఫ్రిజ్ చలిలోనూ పెరిగే బాక్టీరియా అది. గర్భిణులకు సోకే ముప్పు మిగతావారి కన్నా పది రెట్లు. అందరూ అన్నీ చెబుతూ పోతే గర్భిణి విసిగిపోయి, నిజంగా పాటించాల్సినవి కూడా వదిలేసే ప్రమాదం ఉంది. పొడవాటి పట్టికలంటే నాకున్న భయాల్లో ఇదొకటి.

అత్తగారితో

'తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉంటుంది, కాన్పు సులువవుతుంది' అని చెప్పింది అత్తగారు. ఇదే ఆలోచన ప్రపంచంలో చాలా దేశాల్లో నమోదైంది. ఆవిడను తప్పు పట్టకుండా పిలిపించమన్నాను. వచ్చారు. తన చెల్లెలు కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి, సమయానికి ఆపరేషన్ అందక చనిపోయిందని చెప్పారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ప్రతి గర్భిణికీ సగం కంచమే పెట్టారట.

'మీ భయం వట్టిది కాదమ్మా' అన్నాను. 'ఆపరేషన్ దొరకని చోట పెద్ద బిడ్డ అంటే ఎవరికైనా భయమే. కానీ తల్లి పస్తుంటే బిడ్డ ఎముకల కన్నా ముందు తల్లి రక్తం తగ్గుతుంది. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో రక్తం పోతే తట్టుకునే శక్తి ఉండదు. మీ కోడలికి ఇప్పుడు ఉన్న ముప్పు అదే.'

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎంత పెట్టాలో చెప్పమన్నారు. రెండో మూడు నెలల్లో రోజుకు మామూలు కన్నా 340 కేలరీలు, చివరి మూడు నెలల్లో 450 ఎక్కువ కావాలి. అంటే రెండు పూటల తిండి కాదు, ఒక చిన్న పూట అదనం. మధ్యాహ్నం నాలుగు గంటలకు ఆ చిన్న పూట పెట్టే బాధ్యత ఆవిడే తీసుకున్నారు. ఈ కేసులో అన్నింటికన్నా ఎక్కువగా పనిచేసిన చికిత్స ఏదని అడిగితే నేను ఆ నాలుగు గంటల పూటనే చెబుతాను.

ఫలితం

28వ వారానికి హిమోగ్లోబిన్ 10.8కి, 36వ వారానికి 11.4కి చేరింది. బరువు చివరికి 60.5 కిలోలు. గర్భానికి ముందుతో పోలిస్తే 7.5 కిలోల పెరుగుదల, ఉండాల్సిన దానికన్నా తక్కువే. 26వ వారం నుంచి రోజూ నడిచారు. మాంసం, జున్ను మళ్లీ ముట్టలేదు, నేనూ ఒత్తిడి చేయలేదు. ప్రోటీన్ వేరే దారుల్లో అందుతున్నప్పుడు ఇష్టం లేనిది తినిపించాల్సిన పని లేదు. చేపలు నెలకు రెండు మూడుసార్లు తిన్నారు. ఎడిన్‌బరో ప్రశ్నావళిలో అంకె 32వ వారంలో 8కి దిగింది. పట్టికలో 11 మిగిలాయి. ఒక్కోదాని పక్కన కారణం ఆమే రాసుకున్నారు.

39వ వారంలో మామూలు కాన్పు. ఆడపిల్ల, 2.85 కిలోలు. రక్తస్రావం మామూలుగానే ఉంది.

మా క్లినిక్‌లో ఇచ్చే కాగితాన్ని ఈ కేసు తర్వాత తిరగరాశాం. ప్రతి నిషేధానికి పక్కన ఎందుకు, ఎంతవరకు, ఎప్పటిదాకా, బదులు ఏమిటి అన్న నాలుగు గడులు పెట్టాం. కాగితం పొడవైపోతుందని కొందరన్నారు. నిజానికి పొట్టిగా అయింది, ఎందుకంటే నాలుగు గడులూ నింపలేని వాటిని తీసేయాల్సి వచ్చింది.

కాన్పు తర్వాత ఆరో వారంలో చూసినప్పుడు హిమోగ్లోబిన్ 11.7, ఫెరిటిన్ 22. పాలిస్తున్నారు కాబట్టి మామూలు కన్నా సుమారు 500 కేలరీలు ఎక్కువ తినాలని, పాలిచ్చే తల్లి తన తిండిలో ముందుజాగ్రత్తగా ఏదీ మానేయనక్కర్లేదని చెప్పాను. ఇనుము మాత్రలు మరో మూడు నెలలు కొనసాగుతాయి. అప్పుడు ఫెరిటిన్, బి12 మళ్లీ చూస్తాం.